పొలిమేర కంప, సంత వాకిలి

విజయనగరమునుండి సాలూరు మీదుగా కనుమలెక్కి, కొరాపుట్టు, జయపురము దాటి రాయపురమునకు పోవు పాత రహదారి ఉత్తరాంధ్ర వర్తకులకు చిరపరిచితమైనది. ఆ త్రోవ ఒడిశా ఎల్ల దాటి బస్తరు నేలలో అడుగుపెట్టిన పిమ్మట తగులు గ్రామములలో నగర్‌నార్ ఒకటి. అచ్చటినుండి జగదల్పూరు సుమారు 16 కిలోమీటర్లు. చుట్టుపట్ల పల్లెలలో భత్రా జనులు ఎక్కువ. వారి నోట భత్రి, హల్బీ భాషలు వినవచ్చును. నేడు ఆ పేరు వినగానే పలువురకు ఉక్కు కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదులో ప్రధాన కార్యాలయము గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ దానిని నిర్మించినది. 2023 అక్టోబరు 3వ తేదీన అది జాతికి అంకితమైనది. నేను చెప్పబోవునది ఆ కొలిమి రగులుటకు మూడేండ్ల పూర్వపు సంగతి. 2020వ సంవత్సరపు వసంతమున, కర్మాగార నిర్మాణము ఇంకను సాగుచున్న కాలమున, బస్తరులో సంతలు మూతపడినవి. ఊళ్ళ త్రోవలకు అడ్డుకట్టలు వెలసినవి. ఈ రెండును ఒకే వ్యాధికి జడిసి చేసిన పనులే. ఐనను రెండును ఒకటి కావని నా తలంపు. ఆ భేదమును విచారించుటయే ఈ వ్యాస ప్రయోజనము.

బస్తరు మనకు పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇచ్చట రాజ్యము స్థాపించెనని, దంతేశ్వరీదేవి ఆయన వెంట నడచి వచ్చెనని ఐతిహ్యము. దాని వివరములను గూర్చి చరిత్రకారులు వాదులాడుకొందురు గాక. బస్తరు రాజవంశము తన్ను కాకతీయ వంశముగనే చెప్పుకొన్నది. 1960 దశకములో జపానుకు ఇనుప ఖనిజము పంపుటకై వేసిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము విశాఖపట్టణమును ఈ అడవులతో ముడివేసినది. విశాఖ ఉక్కు కొలుములలో కరగినది బైలదిలా ఖనిజము. ఇక మన వంటింటి చింతపండులో బస్తరు చెట్లది ఎంత పాలో ఇల్లాండ్రకు తెలియకపోవచ్చును గాని టోకు వర్తకులకు బాగుగ తెలియును. జగదల్పూరు చింతపండు బజారు ఆసియాలోనే పెద్దదని వాడుక. ఇవిగాక ఏటేట మాఘ ఫాల్గుణములలో దక్షిణ బస్తరునుండి వందలాది కుటుంబములు ములుగు, భద్రాద్రి, ఖమ్మము ప్రాంతములకు మిరపకాయ కోతకు దిగివచ్చును. ఈ చివరి సంగతికి మరల రావలసి యుండును.

సంత యనిన నేమో మొదట చెప్పవలెను. పట్టణమున దుకాణము మూసిన ఒక వ్యాపారము ఆగును, అంతే. బస్తరులో వారమునకొక నాడు జరుగు హాటును మూసినచో ఆగునది వ్యాపార మొక్కటియే కాదు. అచ్చట ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, కరక్కాయ తట్టలలో వచ్చును. ఉప్పు, నూనె, గుడ్డ, అల్యూమినియపు గిన్నెలు వెడలును. సారపప్పు తీసికొని సరితూకము ఉప్పిచ్చిన వర్తకుల కథ బస్తరులో నేటికిని చెప్పుకొందురు. సంతను పొగడువారు దీనిని మరువరాదు. ఐనను పుట్టింటి వార్త ఆడుబిడ్డకు చేరునది అచ్చటనే. పెండ్లి మాటలు మొదలగునది అచ్చటనే. కోడిపందెము, వైద్యుని మందు, నర్సమ్మ టీకా, అప్పు తీర్చుట, క్రొత్త అప్పు చేయుట అన్నియు ఆ చెట్ల క్రిందనే. 1938లో మాడియా గోండులను గూర్చి గ్రంథము వెలువరించిన గ్రిగ్సన్, 1947లో మురియాలను గూర్చి వ్రాసిన వెరియర్ ఎల్విన్ ఈ జనుల జీవనమును చూపిరి; గుంపుగా కూడుట వారికి వేడుక కాదు, బ్రతుకు తీరు అని ఆ పుటలు తిరుగవేసిన వారికి తెలియును. కాబట్టి ‘వ్యాపారమును మూయుట’, ‘జనులను వేరుచేయుట’ అని రెండు వేరు ప్రశ్నలుగా నగరములలో జరిగిన చర్చ బస్తరు సంతలో ఒకే ప్రశ్నగా మారినది.

తేదీలు క్లుప్తముగ జ్ఞాపకము చేసెదను. 2020 జనవరి 23న చైనాలో ఊహాన్ నగరమును మూసిరి. జనవరి 30న మన దేశమున తొలి రోగి కేరళలో బయటపడెను. ఫిబ్రవరి 5 మొదలు 8 వరకు ములుగు జిల్లా మేడారములో సమ్మక్క సారలమ్మల జాతర జరిగినది. బస్తరు కోయలు, గోండులు కూడ అడవిదారుల వెంట ఆ జనసముద్రములో కలిసిరి. తెలంగాణములో తొలి రోగి తేలినది మార్చి 2న. ఆ జాతర నెల దినములు ఆలస్యముగ వచ్చి యుండినచో ఏమగునో తలచుకొనిన ఒడలు జలదరించును. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని విశ్వవ్యాప్త మహమ్మారిగా ప్రకటించెను. మార్చి 22న జనతా కర్ఫ్యూ. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన, అర్ధరాత్రినుండి దేశమంతయు 21 దినముల మూత. నాలుగు గంటల వ్యవధి.

మూత వలదని అప్పుడు వాదించినవారు అందరును మూఢులు కారు. కావలెనన్నవారు అందరును నిర్దయులు కారు. ఔషధము లేదు, టీకా లేదు, పడకలు చాలవు, వ్యాధి సోకు విధమే సగము తెలిసినది, సగము తెలియనిది. అట్టి తరుణమున జనులను ఇండ్లలో నుంచుట తప్ప గత్యంతరము లేదని వైద్యులు చెప్పిరి. దినకూలి తెచ్చి దినము గడుపువానికి ఇంట నుండుట ఎట్లని మరికొందరు అడిగిరి. రెండును న్యాయమైన మాటలే. ఏప్రిల్ చివరినాటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమంతటను బయటపడిన రోగులు 50కి లోపు. వారిలో ఎక్కువమంది కోర్బా జిల్లాలోని కట్ఘోరా పట్టణమువారు. కాబట్టి అడవి పల్లెకు వ్యాధికంటె ముందుగా మూత చేరినది. ఇది మూత ఫలించినదనుటకు నిదర్శనమని ఒకరు, మూత అనవసరమనుటకు నిదర్శనమని మరియొకరు చెప్పవచ్చును. ఒకే అంకె రెండు పక్షములకును సాక్ష్యము చెప్పుట చరిత్రలో అరుదు కాదు.

కేంద్ర ప్రభుత్వపు ఆ ఉత్తర్వును నేను ఒక సాహిత్య గ్రంథమును చదివినట్లు మరల మరల చదివితిని. అందు మూతకంటె మినహాయింపుల పట్టిక ఆసక్తికరము. ఏది లేకున్న బ్రతుకు సాగదని ఒక కాలము తలచినదో ఆ పట్టిక చెప్పును. రేషను దుకాణము, కిరాణా, పాలు, కూరగాయలు, మాంసము, చేపలు, బ్యాంకు, పెట్రోలు బంకు ఉన్నవి. నిరంతరాయముగ నడువవలసిన కర్మాగారములు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో నడువవచ్చునని ఉన్నది. ఇది సమంజసమే, మండుచున్న కొలిమిని ఆర్పినచో దాని ఇటుక గోడ పగులును. బొగ్గు, ఖనిజముల త్రవ్వకము, రవాణా కూడ మార్చి నెలలోనే మినహాయింపులలో చేరినవి. అడవిలో రాలు ఇప్పపువ్వును ఏరుకొనుట మాత్రము ఆ పట్టికలో లేదు. కొలిమికి విరామము లేదని ఉత్తర్వు వ్రాసినవారికి తెలియును. ఇప్పచెట్టుకును విరామము లేదని వారికి స్ఫురింపలేదు. మార్చి, ఏప్రిల్ మాసములే ఇప్పపువ్వు కాలము. తెల్లవారుజామున రాలును, ఎండ ముదురకముందే ఏరవలెను, ఏరినదానిని ఎండబెట్టి సంతకు చేర్చవలెను. ఆ ఏడాది ఉప్పు, బట్ట, విత్తనము అందులోనివే. పువ్వు రాలినది. సంత లేదు.

ఇక పొలిమేర సంగతి. ఆ మార్చి నెలలోనే బస్తరు పల్లెలు ఎవరి ఉత్తర్వునకును ఎదురుచూడక త్రోవలకు అడ్డముగా దుంగలు, వెదుళ్ళు వేసికొనినవి. కాంకేరు జిల్లాలో కొన్ని పల్లెలవారు సాలవృక్షపు ఆకులు కుట్టి మూతికి కట్టుకొనిరి. ఇటు తెలంగాణాంధ్ర గ్రామములలో ముళ్ళకంపలు పడినవి. కాపలాకు కుర్రవాండ్రు కూర్చుండిరి. పత్రికలు దీనిని వింతగా ప్రకటించినవి. వింత ఏమున్నది? బొడ్రాయి ఉన్న ప్రతి ఊరికిని పొలిమేర యనునది పటము మీది గీత కాదు. గత్తర వచ్చినప్పుడు అమ్మవారిని ఊరేగించి పొలిమేర దాటించి సాగనంపుట మన పూర్వులు ఎరిగినదే. మదరాసు బిషప్పుగా నుండిన వైట్‌హెడ్ 1916లో దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి వ్రాసిన గ్రంథమున, నెల్లూరు సీమ నెరిగిన ఎల్మోర్ 1915లో వెలువరించిన గ్రంథమున తెలుగు పల్లెల ఇట్టి కొలువులు సవిస్తరముగ నున్నవి. వారు దీనిని మూఢాచారముగ చూచిరి. పొలిమేర దాటించుటలో ఒక లోపమున్న మాట నిజము: మన ఎల్ల దాటిన అమ్మవారు పొరుగూరి ఎల్లలో అడుగు పెట్టును. పొరుగువాడు మరల ముందునకు సాగనంపవలెను. ఎల్లను మూయుట ఎరిగినవారే ఎల్లకు ఆవల ఉన్నవాని గతిని తలపకుండుటయు ఎరుగుదురు.

నా చిన్ననాట మా అమ్మమ్మ ఊరిలో ఒక ఇంట అమ్మవారు పోసినదనిన గుమ్మమునకు వేపమండలు వ్రేలాడెడివి. ఆ ఇంటివారు వీధిలోనికి రారు, వీధివారు గడప దాటరు. కాని అరుగు ఉన్నది గదా! చుట్టుపట్ల ఇండ్లవారు మజ్జిగ చెంబో, చలిమిడి ముద్దో అరుగుమీద నుంచి, “వదినా, అరుగుమీద పెట్టినాను” అని కేక వేసి నాలుగడుగులు వెనుకకు పోయి నిలిచెడివారు. లోపలినుండి ఆమె వచ్చి తీసికొని, పిల్లవానికి జ్వరము తగ్గినదో లేదో అచ్చటినుండియే చెప్పెడిది. ఎవరును ఎవరిని తాకలేదు, ఎవరును పస్తుండలేదు. గడప మూతపడినది. అరుగు మూతపడలేదు. ఈ అరుగు లేని కట్టడిని నేను పుస్తకములలో తప్ప చూడలేదు, 2020 వరకు.

అరుగును పోలినది దూరదేశమునను కలదు. ఇంగ్లండులో డెర్బీషైరు కొండలలో ఈయము అను చిన్న గ్రామము. 1665లో లండనునుండి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఆ ఊరు ప్రవేశించినదందురు. మరుసటి సంవత్సరము మాంపెస్సన్ అను చర్చి గురువు మాట మేరకు ఊరివారు తమ్ము తామే కట్టడి చేసికొనిరి. వ్యాధిని పొరుగూళ్ళకు ఈయరాదని పొలిమేర దాటలేదు. సుమారు 260 మంది మరణించిరి. పొలిమేర వద్ద తొలిచిన రాతిగుంటలలో పులికాడి పోసి అందు నాణెములు వేయుదురు. పొరుగువారు రొట్టె నుంచి నాణెములు తీసికొని పోవుదురు. ఆ ప్రాంతపు జమీందారగు డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపెను. వారి త్యాగమును కొనియాడు కవిత్వము ఆంగ్లమున చాల వెలువడినది. నాకు త్యాగముకంటె ఆ పులికాడి గుంట గొప్పదిగా తోచును. ఊరు మూసికొనవలెనని నిశ్చయించినవారు సంత ఎచ్చట జరుగవలెనో కూడ ఆనాడే నిశ్చయించిరి.

ఇక 1918. ఆ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా భారతదేశమున కోటి ఇరువది లక్షలకు తక్కువ కాకుండ ప్రాణములు హరించినదని చరిత్రకారుల అంచనా. 1921 జనాభా లెక్కలలో దేశ జనసంఖ్య వెనుకటి పదేండ్లకంటె తగ్గినది, అట్లు తగ్గిన దశాబ్దము అదియొక్కటే. మిక్కిలి దెబ్బతినిన సీమలలో మధ్యపరగణాలు ఒకటి. బస్తరు సంస్థానము వాని పక్కనే ఒదిగి యున్నది. హిందీ మహాకవి నిరాలా తన భార్యను, బంధువులను ఆ జ్వరమునకే పోగొట్టుకొనెను. అహ్మదలీ 1940లో వెలువరించిన ఢిల్లీ నవలలో ఆ మృత్యువేళ చిత్రితమై యున్నది. ఆనాటి ప్రభుత్వము దేశమును మూసినది కాదు. దానికి ఒక కారణము 1897. ఆ ఏట బొంబాయి ప్లేగు నరికట్టుటకై ఫిబ్రవరి 4న నాలుగే సెక్షనుల అంటువ్యాధుల చట్టము పుట్టెను. పూనాలో సైనికులు ఇండ్లు చొచ్చి చేసిన సోదాలు, జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండుపై చాపేకర్ సోదరుల కాల్పులు, తిలకు మహాశయుని కారావాసము అందరెరిగినవే. బలవంతపు కట్టడి చేసి చేతులు కాల్చుకొనిన ప్రభుత్వము ఇరువది యేండ్ల తరువాత కట్టడి మాటయే ఎత్తుటకు జంకినది. ఆ జంకునకు మూల్యము జనులే చెల్లించిరి. ఆ నాలుగు సెక్షనుల చట్టమునే 2020లో మన రాష్ట్ర ప్రభుత్వములు మరల దుమ్ము దులిపి వాడుకొన్నవి.

1918లో మూసినవారు లేకపోలేదు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు ఆరోగ్యాధికారి స్టార్క్‌లాఫ్ అక్టోబరు మొదటివారముననే బడులు, నాటకశాలలు, చర్చిలు మూయించెను. వర్తకులు గగ్గోలు పెట్టిరి. నవంబరు 9న ఆయన మరియొక అడుగు వేసి అత్యవసరములు కాని దుకాణములను సైతము కొన్ని దినములు మూయించెను. ఫిలడెల్ఫియాలో సెప్టెంబరు 28న యుద్ధ ఋణపత్రముల కొరకు జరిగిన ఊరేగింపును సుమారు రెండు లక్షలమంది చూడవచ్చిరి. కొన్ని దినములకే ఆసుపత్రులలో చోటు లేకపోయెను. ఆనాటి 43 అమెరికా నగరముల లెక్కలను 2007లో పరిశోధకులు మరల తీసి చూడగా, త్వరగా మూసి చాల దినములు పట్టువిడువని నగరములలో మరణములు తక్కువని తేలినది. పసిఫిక్ మహాసముద్రములోని సమోవా ద్వీపములు మరింత స్పష్టముగ చెప్పును. 1918 నవంబరు 7న తలూన్ అను ఓడ ఆక్లండునుండి పశ్చిమ సమోవా చేరినది. పాలకులగు న్యూజీలండువారు దానిని ఆపలేదు. అచ్చటి జనులలో ఐదింట ఒక వంతునకు పైగా కొన్ని వారములలో మరణించిరి. కూతవేటు దూరమునగల అమెరికను సమోవాలో పోయర్ అను గవర్నరు రేవులు కట్టడి చేసెను. అచ్చట ఒక్క మరణమును లేదు. 2002లో న్యూజీలండు ప్రధానమంత్రి సమోవా ప్రజలను క్షమాపణ వేడుకొనెను.

కావున మూత నిష్ప్రయోజనమనువారితో నేను ఏకీభవింపజాలను. మూయకుండుట వలన నష్టపడినవారి సమాధులు చాలగ నున్నవి. నా ప్రశ్న వేరు. సమోవాలో కట్టడి చేసినది ద్వీపమును. లోపల కొబ్బరి, చేప, పందులు, తోటలు ఉన్నవి. బస్తరు పల్లెయును తన పొలిమేరకు దుంగ వేసినపుడు తన కోళ్ళను, ఇప్పచెట్లను లోపల నుంచుకొనియే వేసినది. దూరమునుండి వచ్చిన ఉత్తర్వు మూసినది పొలిమేరను కాదు, సంతను. పల్లె తన్ను తాను కాచుకొనుటకు ఏ వాకిలి అట్టిపెట్టుకొన్నదో ఆ వాకిలికే తాళము పడినది.

ఆ తాళమునకు రెండవ వైపున, మన నేలమీద, మిరపచేలున్నవి. ఆ సంవత్సరము కోతకు వచ్చిన బస్తరు కూలీలు మార్చి 24న ఎచ్చటివారచ్చట చిక్కుకొనిరి. గుంటూరు మిర్చియార్డు మూతపడినది. కోసిన కాయకు కొనువాడు లేడు. మార్చి 29న కేంద్రము రాష్ట్రముల ఎల్లలు మూయుమని, వలస కూలీలు ఉన్నచోటనే ఉండవలెనని, యజమానులు కూలి చెల్లింపవలెనని ఆదేశించెను. కాగితముమీద ఇది సుందరమైన వాక్యము. ఏప్రిల్ 14న మూతను మే 3 వరకు పొడిగించిరి. మరునాడు, ఏప్రిల్ 15న, ములుగు జిల్లా పేరూరునుండి కొందరు కూలీలు బిజాపూరు జిల్లాలోని తమ ఊరికి కాలినడకన బయలుదేరిరి. రహదారి వెంట పోలీసులుందురు గనుక అడవిదారి పట్టిరి. వారిలో పండ్రెండేండ్ల బాలిక ఒకతె. మూడు దినములు నడిచినది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇక గంటల దూరమున నున్నదనగా ప్రాణము విడిచినది. మరణానంతర పరీక్షలో ఆమెకు ఈ వ్యాధి లేదని తేలినది. వలస కూలీలను బస్సులలో స్వస్థలములకు పంపవచ్చునని కేంద్రము ఏప్రిల్ 29న అనుమతించెను. వారికొరకు తొలి రైలు మే 1న హైదరాబాదు చెంతగల లింగంపల్లినుండి ఝార్ఖండుకు కదలినది. ఏప్రిల్ 18కి, 29కి నడుమ దినములు పదునొకండు. ఆ పాప పేరు పత్రికలలో వచ్చినది; ఇచ్చట వ్రాయను. ఆమె కోసిన కాయ ఎవరి ఆవకాయలో కలిసినదో ఎవరు చెప్పగలరు?

అడవికి వాకిలి తెరచినది ఏప్రిల్ 16న. ఆ దినము కేంద్ర హోంశాఖ తన మినహాయింపులకు ఒక పంక్తి చేర్చినది: షెడ్యూలు తెగలవారును, ఇతర వనవాసులును అటవీ ఫలసాయము ఏరుకొనవచ్చును, శుద్ధిచేసికొనవచ్చును. మే 1న 49 రకముల అటవీ ఫలసాయములకు కనీస మద్దతు ధరలను సవరించిరి. ఖనిజమునకు మార్చిలో దొరికిన అనుమతి పువ్వునకు ఏప్రిల్ సగము గడచిన పిదప దొరికినది. ఆలస్యమైనను ఆ పంక్తిని నేను తక్కువచేయను. ఎవరో ఒక అధికారి ఫైలుపై అది వ్రాయవలెనని పట్టుబట్టి యుండవలెను. ఆ సంవత్సరము మూతను గూర్చి జరిగిన వాదములన్నిటిలోను నాకు నచ్చినది ఆ చర్య. మూత వలెనా వలదా యను దానిపై అది వాదింపలేదు. మూతలో వాకిలి ఎచ్చట అని అడిగినది. ఆంధ్రప్రదేశములో రైతుబజారులను ఇరుకు కట్టడములనుండి మైదానములకు, ఆటస్థలములకు తరలించి, నేలపై సున్నపు వలయములు గీసి, వలయమునకొకరిని నిలిపిన పనియు ఈ కోవలోనిదే. సంతను చంపక సంతను వెడల్పు చేసిరి. బస్తరు హాటు మొదటినుండియు చెట్లక్రింద, ఆరుబయట జరుగునదే. దానిని మూయుటకు ముందు వెడల్పు చేసి చూడవచ్చునని ఎవరికైన తట్టినదో లేదో!

ఈ పత్రిక చదువరులు రచయితలు గనుక మాటలను గూర్చి రెండు మాటలు. ఆ దినములలో ఆంగ్లమునుండి వచ్చిన పదబంధమును మన పత్రికలవారు ‘సామాజిక దూరము’ అని తెనిగించిరి. మాటకు మాట సరిపోయినది. కాని తెలుగునేలపై సామాజిక దూరము నిన్న పుట్టినదా? చెఱువు గట్టున, బావి వద్ద, హోటలు గ్లాసు వద్ద అది ఎన్ని తరములుగ అమలులో నున్నదో ఎరిగినవారికి ఆ మాట ముల్లువలె గుచ్చుకొన్నది. మన ‘అంటు’ అను శబ్దమే చూడుడు. రోగము అంటుట, మైల అంటుట రెండింటికిని అదియే. 2020 మార్చి 20న ప్రపంచ ఆరోగ్య సంస్థవారు, కోరదగినది శరీరముల నడుమ ఎడము గాని మనుష్యుల నడుమ ఎడబాటు కాదని, ఇకపై ‘భౌతిక దూరము’ అను మాటనే వాడెదమని ప్రకటించిరి. మన పత్రికలును క్రమముగ ఆ మాటకు మారినవి, కొన్ని మారలేదు. సంతలో బియ్యము పుచ్చుకొనుటకు వచ్చిన కోయవానిని నాలుగు బారల దూరమున నిలుపుమని చెప్పునప్పుడు, ఆ నిలుపుట దేనివలననో తెలుపు మాట మనకు ముందే ఉండవలసినది.

‘క్వారంటైన్’ అను మాటయు అట్లే. అది వెనీసువారి నలుబది దినముల లెక్క. 1377లో రగూసా రేవుపట్టణము వచ్చిన ఓడలను ముప్పది దినములు ఆపినది. తరువాత అది నలుబదియైనది. మనకును మండల దీక్ష కలదు, పురిటి పదునొకండు దినములు కలవు, మైల పది దినములు కలదు. గడువు తీరినంతనే స్నానము చేయించి లోనికి తీసికొనుట ఆ మాటలలోనే యున్నది. 2020 ఉత్తర్వులలో గడువు పొడిగింపులు మాత్రమే కనబడుచు వచ్చినవి.

ఆ అక్టోబరులో బస్తరు దసరా జరిగినది. సాధారణముగ 75 దినములు సాగు ఉత్సవమది. ఆ సంవత్సరము అధిక ఆశ్వయుజము వచ్చుటచే మరింత సాగినది. జనసమూహమును నియంత్రించి, కర్మకాండ లోపింపకుండ నడిపిరి. అంతకుమున్ను ఆషాఢములో జంటనగరముల బోనాలు ఇంటి గడపలకే పరిమితమైనవి. 1813 నాటి అంటువ్యాధిని పురస్కరించుకొని పుట్టినదని చెప్పుకొను పండుగ మరియొక అంటువ్యాధికి తలవంచి లోపల కూర్చున్నది. అదే అక్టోబరు 14న కేంద్ర మంత్రివర్గము నగర్‌నార్ కర్మాగారమును మాతృసంస్థనుండి విడదీయుటకు సమ్మతించినది. జగదల్పూరులో, చుట్టుపట్ల పల్లెలలో ఆ సంగతిపై వేరొక వాదము మొదలైనది. హాటులు మెల్లమెల్లగ తెరచుకొన్నవి. పొలిమేర దుంగలలో కొన్నింటిని ఊరివారు ప్రక్కకు దొర్లించిరి, మరికొన్ని వంటచెరకైనవి. తరువాతి ఫాల్గుణమున ఇప్పచెట్లు మరల పూచినవి, దక్షిణ బస్తరు కూలీలు మరల మిరపచేలకు దిగివచ్చిరి. ఈసారి త్రోవఖర్చు ముందుగ చేతిలో పెట్టుమని అడిగినవారు వారిలో ఎందరో!